పచ్చిపాలు – విడవని జ్వరం

మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాచిన తరువాతే పిల్లలకు ఇస్తారు. ఈ అలవాటు వెనుక ఉన్న సైన్సును తెలుసుకోవడానికి మేము బ్రూసెల్లోసిస్ అనే వ్యాధిని గురించి చదివాం. తెలుసుకున్న విషయాలను ఇక్కడ మీతో పంచుకుంటున్నాం.

చరిత్ర: మాల్టా దీవిలోని బ్రిటిష్ సైనికులకు వారాల తరబడి వదలని జ్వరం వచ్చేది. కొందరు చనిపోయేవారు. 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ మృతుల ప్లీహం నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. ఆయన పేరు మీదే దానిని బ్రూసెల్లా అంటున్నాం. 1905లో మాల్టాకు చెందిన డాక్టర్ థెమిస్టోక్లీస్ జమ్మిట్ ఈ బాక్టీరియా మేకల్లో ఉందని కనుగొన్నాడు. ఆ మేకలు పైకి ఆరోగ్యంగానే ఉన్నాయి! 1906లో సైనికులకు మేకపాలు ఇవ్వడం ఆపేయగానే జ్వరాలు బాగా తగ్గిపోయాయి.

సోకే విధం: మన పల్లెల్లో దీనిని ఈసుడు రోగం అంటారు. ఇది సోకిన ఆవులు, గేదెలు నెలలు నిండకముందే ఈసుకుపోతాయి. ఆ మాయను, ద్రవాలను వట్టి చేతులతో తాకినా, పచ్చిపాలు తాగినా వ్యాధి మనుషులకు వస్తుంది.

లక్షణాలు, చిక్కులు: వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు, నీరసం ముఖ్య లక్షణాలు. ఇవి క్షయ, టైఫాయిడ్ లక్షణాలను పోలి ఉండడం వల్ల పొరబడే అవకాశం ఉంది. అందుకే పశువులతో పని ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తపరీక్షతో వ్యాధిని గుర్తిస్తారు. ఆలస్యమైతే వెన్నెముక, తుంటి కీళ్లు, వృషణాలు, మెదడు పొరలు దెబ్బతినవచ్చు. గుండె కవాటాలకు సోకడం అరుదు. కానీ ఈ వ్యాధి వల్ల కలిగే మరణాలకు ముఖ్య కారణం అదే.

చికిత్స: బాక్టీరియాను మింగి చంపవలసిన తెల్లరక్తకణాల లోపలే బ్రూసెల్లా దాక్కుని పెరుగుతుంది. కాబట్టి ఒక్క మందు, కొద్ది రోజులు వాడితే చాలదు. పెద్దలకు సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్‌ను 6 వారాలు ఇస్తారు. లేదా డాక్సీసైక్లిన్ 6 వారాలు ఇస్తూ, మొదటి 2, 3 వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేస్తారు. వెన్నెముకకో గుండెకో సోకితే చికిత్స నెలల తరబడి సాగుతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు మందులు వేరు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడి మందు మానకూడదు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెడుతుంది.

నివారణ: మనుషులకు వాడుకలో టీకా లేదు. పశువులకు ఉంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఉచితంగా టీకా వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు. ఈసుకుపోయిన పశువును విడిగా కట్టాలి. చేతులకు తొడుగులు వేసుకుని, మాయను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

మిత్రులారా! పాలు కాచడానికి పట్టేది కొద్ది నిమిషాలు. జ్వరాన్ని వదిలించుకోవడానికి పట్టేది కనీసం ఆరు వారాలు. మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో పశువులు ఉంటే పెయ్యదూడకు టీకా వేయించారా అని ఈరోజే అడగండి.