రోజు చేతిలో ఉంటే కొలువు చేతిలో ఉంటుంది

శుక్రవారం సాయంత్రం ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు ఎక్కేవాళ్లను, ఆరాంఘర్‌లో మహబూబ్‌నగర్ బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూడండి. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగులున్న పిల్లలు ఎందరో కనిపిస్తారు. రెండు ఊళ్లూ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. వీళ్లలో చాలామంది అమ్మానాన్నలది పత్తి చేనో, వరి మడో, బత్తాయి తోటో. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపైతే పని వెతుక్కుంటూ బొంబాయి, పుణె పోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. అలాంటి ఇంట్లో మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక్కరి సొంతం కాదు. చదువు కోసం తెచ్చిన అప్పు, చెల్లె పెండ్లి, ఇంటి మీద స్లాబు అన్నీ ఆ జీతాన్నే చూస్తుంటాయి.

అందుకే ఈ జిల్లాల విద్యార్థులు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఈ ఉద్యోగం రోజూ ఎలా ఉంటుంది? ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఎప్పుడు, ఎలా మారాలి? నిజానికి ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. తన రోజును అదుపులో పెట్టుకున్న డెవలపర్ తనకు అనువైనప్పుడు, కోరుకున్న చోటికి మారతాడు. పెట్టుకోలేనివాడు తప్పనిసరై మారతాడు.

రోజంతా కోడ్ రాయడమే అనుకోవద్దు

చాలా కంపెనీల్లో రోజు స్టాండప్ మీటింగ్‌తో మొదలవుతుంది. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నా పని ఎక్కడ ఆగింది అని పది పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరూ చెప్పాలి. తర్వాత తమకు కేటాయించిన టికెట్ల మీద, అంటే నమోదైన పనులు, సమస్యల మీద పని. ఆ పనిలో కొత్త కోడ్ రాసే సమయం కన్నా, ఇతరులు రాసింది చదివి అర్థం చేసుకునే సమయమే ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆన్‌లైన్ దుకాణంలో ఏ రోజు అమ్మకాలు ఆ రోజు లెక్కలో సరిగ్గా పడట్లేదని టికెట్ వచ్చింది అనుకోండి. కోడ్‌లో పైకి ఏ తప్పూ కనపడదు. ఏ ఆర్డర్లు తేడా పడుతున్నాయో ఒక్కొక్కటీ ఏరి చూస్తే, అన్నీ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 లోపు వచ్చినవే. సర్వర్ యూటీసీ కాలంలో లెక్క రాసుకుంటోంది. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, మన బుధవారం తెల్లవారుజాము ఆర్డర్ అక్కడ మంగళవారం ఖాతాలో పడుతోంది. సరిదిద్దడానికి రెండు లైన్లు చాలు, కారణం పట్టుకోవడానికే రోజంతా పట్టింది. ఇదే తప్పు మళ్లీ రాకుండా ఒక టెస్ట్ రాయాలి. ఏం మార్చామో, ఎందుకు మార్చామో సీనియర్‌కు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు రాసి రివ్యూకు పంపాలి.

ఇంగ్లిష్ భయం ఉన్న తెలుగు మీడియం విద్యార్థులు గమనించాల్సింది ఇక్కడే. కావాల్సింది ధారాళమైన ఉపన్యాసం కాదు, సూటిగా రాసే ఆ నాలుగు వాక్యాలు. కాలేజీలో ఉన్నప్పుడే రోజుకు ఒక పేరా ఇంగ్లిష్‌లో రాస్తే అది పట్టుబడుతుంది.

గడియారం మీద పట్టు

అమెరికా క్లయింట్ ఉంటే సాయంత్రాలు మీటింగులకు పోతాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియా వాళ్లయితే రాత్రి 9:30, చలికాలంలో 10:30. ప్రాజెక్టులో చేరేటప్పుడే క్లయింట్ ఏ ప్రాంతమో అడిగి తెలుసుకోండి. మీ నిద్ర, తిండి, చదువు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

రాత్రి మీటింగులు ఉన్నవాళ్లు పడుకునే వేళను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఒంటి గంటకు పడుకున్నా సరే, వారమంతా ఒంటి గంటకే పడుకోవాలి. ఆఫీసుకు వెళ్లేముందు ఒక గంట నేర్చుకోవడానికి కేటాయించండి. సాయంత్రం చదువుదాం అనుకుంటే ఆ గంటను మీటింగో, ట్రాఫిక్కో మింగేస్తుంది. కూకట్‌పల్లిలో రూము, రాయదుర్గంలో ఆఫీసు అయితే రాకపోకలకే ఎంత సమయం పోతుందో లెక్క వేసుకోండి. కొంచెం అద్దె ఎక్కువైనా ఆఫీసుకు దగ్గరగా ఉంటే మిగిలే గంట రెండేళ్లలో జీతం రూపంలో తిరిగి వస్తుంది.

ప్రతి శుక్రవారం ఒక అరగంట తీసుకుని, ఆ వారం ఏ సమస్య పరిష్కరించారో, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. కంపెనీ రహస్యాలు, కోడ్ అందులో ఉండకూడదు. ఏడాది తిరిగేసరికి అప్రైజల్‌కైనా, రెజ్యూమెకైనా, ఇంటర్వ్యూకైనా కావాల్సిన సరుకంతా అందులోనే ఉంటుంది.

మారే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

పక్క రూము ఫ్రెండుకు హైక్ ఎక్కువ వచ్చిందన్నది కారణం కాదు. ఈ మూడింటిలో రెండు నిజమైతే ప్రయత్నం మొదలుపెట్టండి.

- ఆరు నెలల నోట్‌బుక్ తిరగేస్తే కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు.
- మీ పనిని చదివి తప్పొప్పులు చెప్పే సీనియర్ టీమ్‌లో లేడు.
- అదే అనుభవానికి బయట ఇస్తున్న జీతానికీ మీకు వస్తున్నదానికీ చాలా తేడా ఉంది, అడిగినా కంపెనీ పెంచలేదు.

ఆరోగ్యం చెడుతుంటే మాత్రం వీటిలో రెండు నిజమయ్యేదాకా ఆగొద్దు.

ఉద్యోగంలో ఉండగానే వెతకండి. రోజూ ఆ ఒక గంటను మూడు నెలలు డేటా స్ట్రక్చర్స్‌కు, ఎస్‌క్యూఎల్‌కు, మీ ప్రాజెక్టును వివరించడానికి పంచుకుంటే ఇంటర్వ్యూకు సిద్ధమవుతారు. ఈఎంఐలు పెట్టుకునేముందు ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన ఉండాలి. ఇంటికి పంపే మొత్తం కూడా ఆ లెక్కలో చేర్చండి. లేఆఫ్ వచ్చిన రోజున దొరికిన ఆఫర్ పట్టుకోకుండా ఆగగలిగే బలం ఆ డబ్బే ఇస్తుంది.

ప్యాకేజీ వేరు, చేతికొచ్చేది వేరు

ఎనిమిది లక్షల ప్యాకేజీ అంటే ఇంట్లో వాళ్లు నెలకు 66 వేలు అనుకుంటారు. లెక్క వేద్దాం. బేసిక్ 4 లక్షలు, వేరియబుల్ పే 80 వేలు అనుకుందాం. ఆ 80 వేలు పనితీరును బట్టి ఎప్పుడో వచ్చేవి. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 19,240. ఇవన్నీ తీసేస్తే నెలకు దాదాపు 56,600 మిగులుతుంది. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా బ్యాంకులో పడేది సుమారు 54,600. పీఎఫ్‌ను మొత్తం బేసిక్ మీద కోస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ప్యాకేజీని కాకుండా నెలనెలా చేతికొచ్చే స్థిర జీతాన్ని పోల్చండి. బాండ్, జాయినింగ్ బోనస్ వెనక్కి ఇవ్వాల్సిన షరతులు, నోటీసు గడువు చదవకుండా సంతకం పెట్టొద్దు.

రాజీనామా నుంచి కొత్త సీటు దాకా

రాతపూర్వకంగా ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా రాజీనామా పంపొద్దు. నోటీసు గడువు చాలా చోట్ల 60 నుంచి 90 రోజులు ఉంటుంది. ఆ కాలంలో పని అప్పగింత శ్రద్ధగా చేయండి. మీ కోడ్‌ను తర్వాత చూసుకునేవాళ్లకు మీరు రాసిపెట్టిన కాగితమే దారి చూపుతుంది. మీరు వెళ్లిపోయాక మీ పేరు ఎలా నిలుస్తుందో ఆ చివరి నెలలే తేలుస్తాయి.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16 తీసుకోండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు జీవితాంతం ఒక్కటే. పాత ఖాతాలో డబ్బును కొత్త కంపెనీ ఖాతాకు బదిలీ చేసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసేస్తే పన్ను పడవచ్చు. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా కలుస్తుంది. ఏడాది మధ్యలో మారితే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి. లేకపోతే రెండు కంపెనీలూ విడివిడిగా మినహాయింపులు లెక్కేసి, రిటర్ను వేసే వేళకు మీ నెత్తిన పన్ను బాకీ పడుతుంది. అమ్మానాన్నల వైద్య బీమా కంపెనీదే అయితే, సాధారణంగా అది మీ ఉద్యోగం చివరి రోజుతో ఆగిపోతుంది. వాళ్ల పేరున సొంత పాలసీ ముందే తీసి ఉంచండి.

అడ్డదారికి డబ్బు కట్టొద్దు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నిజాయతీగా పాఠం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే వీధుల్లో లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని, లేని అనుభవానికి కాగితాలు పుట్టిస్తామని చెప్పేవాళ్లూ తగులుతారు. దయచేసి వాళ్ల మాట నమ్మకండి. పీఎఫ్ సర్వీసు రికార్డు చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో తెలిసిపోతుంది. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. నాన్న ఎకరం అమ్మి కట్టిన డబ్బు తిరిగి రాదు. మంచి కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

సొంత జిల్లాలోనే మొదలుపెట్టండి

2023 మే 6న మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబర్ 2న నల్గొండలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. హైదరాబాద్‌తో పోలిస్తే అవకాశాలు తక్కువే. అయినా ఇంటి అన్నం తింటూ, అద్దె లేకుండా మొదటి ఏడాది అనుభవం సంపాదించడానికి అక్కడి కంపెనీలనూ అడగాలి. జీతం కొంత తక్కువైనా, పని నేర్పే సీనియర్ ఉంటే చేరండి. ఎవరూ నేర్పని చోటైతే ఊరు దగ్గరైనా వద్దు.

పాలమూరు యూనివర్సిటీ, మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీ చదివేవాళ్లు తమ కాలేజీ రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో నమోదైందో లేదో కనుక్కోండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. ప్రాజెక్టు అంటే అందరూ కాపీ కొట్టే లైబ్రరీ మేనేజ్‌మెంట్ వద్దు. మార్కెట్ ధరలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో వచ్చే పత్తి, పల్లి ధరలు తీసుకుని, మీ నాన్నకు ఏ మార్కెట్‌లో ఎంత పలుకుతోందో తెలుగులో చూపించే చిన్న యాప్ చేయండి. వాడే మనిషి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి తప్పులు వెంటనే తెలుస్తాయి. ఇంటర్వ్యూలో దాని గురించి మీరు చెప్పగలిగినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు.

రేపటి నుంచే ఒక గంట తీసి పెట్టండి. ఏ గంటో మీరే నిర్ణయించి, ఇంట్లోవాళ్లకూ రూమ్మేట్లకూ చెప్పండి. శుక్రవారం నోట్‌బుక్ తెరవండి. పల్లె నుంచి వచ్చామని, పెద్ద కాలేజీ పేరు లేదని వెనక్కి తగ్గాల్సిన పని లేదు. ఈ రంగంలో ఏం చేశావని అడుగుతారు. దానికి చూపించడానికి మీ దగ్గర రాసిపెట్టుకున్న జవాబు ఉండాలి.