బండి ఇంజిన్: కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు

ఇంజిన్ ఆపకుండా షాపులోకి వెళ్లి రావచ్చా?

కూడదు. మదురై మాసి వీధుల్లో పూలు కొనేంతసేపేగా అని చాలామంది ఇంజిన్ ఆపకుండానే దిగిపోతారు. మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, లైసెన్సున్న మనిషి సీటు మీద లేకపోతే ఇంజిన్ ఆగి ఉండాలి, బండి దానంతటది కదలకుండా బ్రేకు వేసి ఉండాలి. పైగా స్కూటర్ మీద ముందు మూడేళ్ల పాపను నిలబెట్టి ఉంటే, ఆ పాప చేతికి మొదట అందేది యాక్సిలరేటరే. గేర్లు లేని స్కూటర్‌కి క్లచ్‌తో పనిలేదు, పిడి తిరిగితే చాలు ముందుకు దూకుతుంది. భయపడిన పాప పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ముందు ఇంజిన్ ఆపండి, కీ జేబులో వేసుకోండి, పాపను దింపండి, ఆ తర్వాతే మీరు దిగండి.

ఎర్ర స్విచ్ నొక్కి ఆపితే చాలదా?

అది అత్యవసరానికి. బండి పడిపోయినా, యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుని వెనక్కి రాకపోయినా బొటనవేలికి అందేలా పెట్టారు. కీ ఆన్‌లోనే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, ఎవరైనా స్విచ్ మార్చి సెల్ఫ్ నొక్కితే బండి స్టార్టవుతుంది.

మా అబ్బాయికి పదహారు నిండాయి. స్కూటర్ ఇవ్వొచ్చా?

వద్దు. పదహారేళ్లకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని బండికే. మనిళ్లలోని పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే, వాటికి 18 నిండాలి. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ కింద మైనరు నేరానికి తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడొచ్చు. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. మాకు తెలియకుండా తీసుకెళ్లాడంటే, అది రుజువు చేసుకోవలసింది పెద్దలే.

కోయంబత్తూరు ఆవిష్కర్త జి.డి. నాయుడు గారు రడ్జ్ మోటార్‌సైకిల్‌ని విప్పి బిగించిన ఊరు మాది. మా బండి మేం మార్చుకుంటే తప్పా?

ఆయన హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ బండి కొని, దాని పని తెలుసుకోవడానికి విప్పారు. మీరూ విప్పండి, నేర్చుకోండి, అది గొప్ప విద్య. కానీ కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసి వీధంతా అదిరేది బిగించి రోడ్డెక్కితే శబ్ద కాలుష్యం కింద 190(2) సెక్షన్ వర్తిస్తుంది. రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

కూనూరు నుంచి మేట్టుపాళయం దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపొచ్చా?

ఆపకండి. న్యూట్రల్‌లోనూ జారనివ్వకండి. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. రెండో గేరులో దిగితే వేగాన్ని ఇంజినే పట్టి ఉంచుతుంది.

పోలీసులు కీ లాక్కోవచ్చా?

యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపమంటే ఆపాలి, అడిగితే లైసెన్సు చూపాలి. డిజిలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది. కీ లాగేసుకోమని మాత్రం మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షనూ చెప్పలేదు. బండి పక్కకు తీసి, మీరే ఇంజిన్ ఆపి, స్టాండు వేసి మాట్లాడండి.