గెట్టరు ఎప్పుడు వ్రాయవలెను?

పాండేసర, సూరత్



నీవు పంపిన జావా ప్రోగ్రాము చూచితిని. మగ్గమను క్లాసులోని ప్రతి ఫీల్డునకును విలువ నిచ్చు ఒక గెట్టరు, దాని ప్రక్కనే విలువను మార్చు ఒక సెట్టరు వ్రాసి, “అందరును ఇట్లే వ్రాయుదురు గదా” అంటివి. మీట నొక్కగనే ఎడిటరు వానిని వ్రాసి పెట్టుచున్నది గనుక అలవాటు ప్రబలినదే గాని, అది విచారించి చేసిన పని కాదు.

తెలంగాణ నేతగాండ్రు ఏండ్ల తరబడి బ్రతుకుచున్న యీ ఊరి మరమగ్గమునే తీసికొందము. పేకపోగు పడినప్పుడెల్ల కౌంటరులో ఒక పిక్కు పెరుగును. అంగుళమునకు 60 పిక్కులు పడు బట్టపై కౌంటరు 1,20,000 చూపినచో నేసినది 2,000 అంగుళములు, అనగా 50.8 మీటర్లు. నీవు ఈ పొడవును వేఱొక ఫీల్డుగా దాచి, పిక్కు పెరిగినప్పుడెల్ల దానినిగూడ సవరింప బూనితివి. ఒక్కచోట మఱచితివేని రెండు లెక్కలు పొసగక కూలి దగ్గర తగవు వచ్చును. పిక్కులను మాత్రమే ప్రైవేటుగా నిలిపి, గెట్‌పొడవు అని అడిగినప్పుడు అప్పటికప్పుడు భాగించి యిచ్చునట్లు చేసితివా, ఆ తగవునకు తావే లేదు. గెట్టరునకు సహజమైన పని యిది. సెట్‌పొడవునకు అర్థమే లేదు. పిక్కులకైనను సెట్టరేల? పిక్కు పడెనని తెలుపు మెథడొకటి చాలును. లేకున్న ఎవడైనను అంకెను వెనుకకు త్రిప్పగలడు.

ఒక విలువ నిలువ యున్నదో, గణించి యిచ్చునదో అడుగువానికి తెలియ నక్కఱలేదని బెర్ట్రాండ్ మేయర్ 1988 నాటి గ్రంథమున సిద్ధాంతీకరించెను. అయితే జావాలో గెట్టరును పిలుచుటకు కుండలీకరణములు తప్పవు గనుక, రేపు ఫీల్డును గణనగా మార్చినచో పిలిచిన చోట్లన్నియు మార్చవలసి వచ్చునని జంకి, ముందే గెట్టరు వ్రాయుదురు. ఆ జంకు కొంత న్యాయమే. కాని పైథానులో, 2001 నాటి 2.2 వెర్షను మొదలు, ఫీల్డువలె పిలిచినను మెథడును నడుపు ప్రాపర్టీ యున్నది. నేడు ఉత్త ఫీల్డుగా నుంచి, అవసరమైననాడు మార్చినను పిలుచువారి కోడు చెక్కు చెదరదు.

ఇంకొకటి. మగ్గము నుండి దిగిన బట్టచుట్టల (తాకాల) నిచ్చు నీ గెట్‌తాకాలు లోపలి లిస్టునే బయటి కిచ్చుచున్నది. దానిని పుచ్చుకొన్నవాడు రిమూవ్ అన్నచో నీ మగ్గములోనే ఒక తాకా మాయమగును; ప్రైవేటు అను మాట అక్కడ అక్కఱకు రాదు. లిస్ట్.కాపీఆఫ్ చేసి నకలు నిమ్ము.

సెట్టర్లన్నియు తీసివేసి ప్రోగ్రామును నడిపి చూడుము. దేనికి నిజముగా సెట్టరు కావలసి వచ్చెనో, ఏల కావలసి వచ్చెనో తెలుపుచు జాబు వ్రాయుము.