వరిలో పిలకల సంఖ్యను నియంత్రించే జన్యువులు, హార్మోన్లు

పొగాకులో తల తుంచిన కొద్ది రోజులకే ఆకు గ్రీవాలలోని మొగ్గలు పిలకలుగా లేవడం అందరికీ తెలిసినదే. కొన చిగురు కింది మొగ్గలను అణచి ఉంచే ఈ లక్షణమే అగ్రాధిక్యత. కొనలో తయారయ్యే ఆక్సిన్ ఇందుకు కారణమని థీమన్, స్కూగ్ 1930వ దశకంలో చూపారు. అయితే ఆక్సిన్ కాండం గుండా కిందికి దిగుతుందే తప్ప మొగ్గలోకి నేరుగా ప్రవేశించదు. కావున దాని ప్రభావాన్ని మొగ్గకు చేర్చే సంకేతాలు వేరే ఉండాలి. వాటిని చక్కగా వివరించిన పైరు వరి.

వరిలో పిలక రావడానికి ముందుగా కణుపు వద్ద మొగ్గ ఏర్పడాలి, తరువాత అది సాగాలి. మొదటి దశకు ఎంఓసీ1 జన్యువు అవసరం. ఇది లోపించిన ఉత్పరివర్తక మొక్కలో దాదాపుగా ప్రధాన కాండం ఒక్కటే మిగులుతుందని 2003లో వెల్లడైంది. పొలంలో కనిపించే తేడాలు మాత్రం ఎక్కువగా రెండవ దశకు చెందినవే.

ఇక్కడ రెండు హార్మోన్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. సైటోకైనిన్ మొగ్గను సాగనిస్తుంది, స్ట్రైగోలాక్టోన్ ఆపుతుంది. ఆక్సిన్ మొదటిదాని తయారీని తగ్గించి, రెండవదాని తయారీని పెంచుతుంది. స్ట్రైగోలాక్టోన్లు శాఖలను నిరోధించే హార్మోన్లని 2008లో గుర్తించారు. వీటిని కెరోటినాయిడ్ల నుండి తయారుచేయడంలో డీ27, డీ17, డీ10 జన్యువులు పాల్గొంటాయి. డీ14 ప్రోటీను ఈ హార్మోనును గ్రహించి, డీ3తో కలిసి డీ53 అనే ప్రోటీను విచ్ఛిన్నమయ్యేలా చేస్తుంది. డీ53 ఉన్నంత వరకు ఐపీఏ1 పనిచేయలేదు. అది తొలగగానే ఐపీఏ1 టీబీ1 జన్యువును ప్రేరేపించగా మొగ్గ నిద్రావస్థలో ఉండిపోతుంది. ఈ గొలుసులో ఏ డీ జన్యువు దెబ్బతిన్నా మొక్క పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. డీ53 విషయంలో మాత్రం విచ్ఛిన్నం కాని రూపమే అటువంటి మొక్కనిస్తుంది.

పిలకలు ఎక్కువైతే దిగుబడి పెరుగుతుందని భావించరాదు. ఐపీఏ1లో ఒక్క చోట వచ్చిన మార్పు వల్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 దానిని అణచలేకపోతుంది. అటువంటి మొక్కలో పిలకలు తగ్గినా, వృథా పిలకలు తక్కువ, కంకికి గింజలు ఎక్కువ అని 2010లో ప్రచురితమైంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసినది భాస్వరం పాత్ర. భాస్వరం కొరవడితే వరి వేర్లు స్ట్రైగోలాక్టోన్లను అధికంగా తయారుచేస్తాయి. నేలలోకి స్రవించిన భాగం, భాస్వరాన్ని అందించే మైకోరైజా శిలీంధ్రాలను వేర్ల వైపు ప్రేరేపిస్తుంది. (స్ట్రైగా కలుపు విత్తనాలు మొలకెత్తేది కూడా ఈ స్రావాల వల్లనే. ఈ హార్మోన్ల పేరు ఆ కలుపు నుండి వచ్చినదే.) మొక్కలో మిగిలిన భాగం పిలక మొగ్గలను ఆపుతుంది. అనగా భాస్వరం తక్కువైన మడిలో పిలకలు తగ్గడం కేవలం ఆకలి లక్షణం కాదు, మొక్క తనకు తానుగా తగ్గించుకోవడం. భాస్వరం మొత్తాన్ని ఆఖరి దమ్ములో వేయమనడానికి అది నేలలో కదలదన్న కారణాన్నే సాధారణంగా చెబుతుంటాము. పిలక దశలో అణగిన మొగ్గలకు ఆలస్యంగా వేసిన ఎరువు అక్కరకు రాదన్న కారణాన్ని కూడా రైతుకు వివరించవచ్చు.