కుక్క ముక్కు చెప్పే మాట

పిల్లలూ! పూండి జలాశయాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 1944లో కుశస్థలి నదికి అడ్డంగా కట్టిన ఈ జలాశయానికి సత్యమూర్తి సాగరమని పేరు. మద్రాసు నగరం త్రాగే నీటిలో కొంత ఇక్కడి నుండే పోతుంది. నీరున్న చోట చేపలుంటాయి. చేపలున్న చోటికి కుక్కలు చేరుతాయి. ఈసారి అటు పోయినప్పుడు ఒక కుక్కను దూరం నుండి కాసేపు గమనించండి. నీటి మీది గాలి వీచగానే అది తల ఎత్తుతుంది. ముక్కుపుటాలు అదురుతాయి. నాలుక చాచి ముక్కును ఒకసారి నాకుకొంటుంది. మళ్ళీ వాసన చూస్తుంది, మళ్ళీ నాకుకొంటుంది. ఎందుకని?

“ముక్కుకు ఏదో అంటుకొన్నది, తుడుచుకొంటున్నది” అని మీరనవచ్చు. అదీ నిజమే. కుక్కకు చేతి రుమాలు లేదు కదా! దుమ్మయినా, మెతుకయినా నాలుకతోనే తీసుకోవాలి. కాని ఏమీ అంటుకోనప్పుడు కూడా అది నాకుకొంటుంది.

పొడి పలక మీద సుద్దపొడి చల్లి ఊదండి. పొడి ఎగిరిపోతుంది. అదే పలకను తడిపి చల్లితే పొడి అంటుకొని ఉంటుంది. వాసన కూడా ఇలాంటిదే. చేప నుండి, మనిషి నుండి, మట్టి నుండి కంటికి కనబడని కణాలు గాలిలోకి లేస్తాయి. తడిగా ఉన్న ముక్కుకు అవి సులభంగా అంటుకొంటాయి. ఆ తడిలో కరిగిన తరువాతే వాసన తెలుస్తుంది. కుక్క ముక్కులోని గ్రంథులు కొంత నీటిని ఊరిస్తాయి. ఎండవేళ అది చాలదు. అందుకే నాలుక సాయం కావాలి.

మన ముక్కులో వాసనను పసిగట్టే కణాలు యాభై, అరవై లక్షలుంటే, కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైగా ఉంటాయి. దాని ముక్కు రంధ్రాలకు ప్రక్కగా సన్నని చీలికలు కూడా ఉన్నాయి. లోపలికి గాలి ముందు నుండి పోతుంది, బయటికి ఈ చీలికల గుండా వస్తుంది. కాబట్టి విడిచిన గాలి ఎదుటి వాసనను చెదరగొట్టదు. ఎంత చక్కని ఏర్పాటు!

ఇంకొక విశేషముంది. కుక్క పైపళ్ళ వెనుక, అంగిట్లో రెండు చిన్న దారులున్నాయి. అవి జాకబ్‌సన్ అవయవమనే మరొక వాసన ఇంద్రియానికి పోతాయి. తోటి కుక్కలు వదలిపెట్టిన గుర్తులను తెలుసుకోవడానికి ఇది పనికివస్తుంది. ముక్కును నాకిన నాలుక అక్కడి వాసన కణాలను ఈ దారుల వద్దకు చేరుస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఇంతవరకు వాసన సంగతి. కాని ఎదుట తిండి లేదు, కుక్క గాలిని పసిగట్టడమూ లేదు. అయినా మీరు దగ్గరికి పోగానే దాని నాలుక గబగబా ముక్కు మీదికి వచ్చి పోతుంది. అప్పుడు సంగతి వేరు. కుక్క బెదిరింది. “నన్ను వదిలిపెట్టు, నాకు ఇబ్బందిగా ఉంది” అంటున్నది. బ్రెజిల్, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కుక్కలకు మనుషుల ముఖాలను బొమ్మల్లో చూపించారు. నవ్వు ముఖం చూసినప్పటి కంటె కోపపు ముఖం చూసినప్పుడు అవి ఎక్కువగా మూతిని నాకుకొన్నాయని 2017లో తెలియజేశారు. కుక్క మనతో చేరి పదిహేను వేల ఏళ్ళకు తక్కువ కాదు. (పూండి ప్రదర్శనశాలలోని పాత రాతియుగపు గొడ్డళ్ళు అంతకంటె ఎంతో పూర్వపువి. వాటిని చేసినవారికి కాపలా కుక్క లేదు పాపం!) ఇన్నివేల ఏళ్ళలో అది మన ముఖం చదవడం నేర్చుకొంది. మనమే దాని ముఖం చదవడం సరిగా నేర్వలేదు.

నాలుకతో పాటు మిగతా గుర్తులు కూడా చూడాలి. మొగం త్రిప్పుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ళ మధ్య దాచడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం – ఇవన్నీ ఆ మాటే చెబుతాయి. కొన్ని కుక్కలు మొరగకుండానే కరుస్తాయని పెద్దలంటారు. నిజానికి చాలా కుక్కలు ముందుగా ఇలా చెప్పి చూస్తాయి. చిన్నపిల్లలు వినిపించుకోక దాన్ని కౌగిలించుకొంటారు, తోక లాగుతారు. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలకు పాలిచ్చే కుక్క దగ్గరికి అసలే పోరాదు. గుర్తు కనబడితే అక్కడే ఆగండి. దాని కళ్ళలోకి చూడకండి. పరుగెత్తకండి, పరుగెత్తితే వెంటపడుతుంది. చేతులు దించుకొని మెల్లగా వెనక్కి నడవండి.

ఒకవేళ కరిస్తే? గాయానికి పసుపు, కారం, కాఫీపొడి, సున్నం పెట్టరాదు. కుళాయి నీళ్ళ క్రింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోరాదు. తిట్టుతారని ఇంట్లో దాచరాదు. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత రోగి బ్రతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే టీకా వేయించుకొంటే ప్రమాదం తప్పుతుంది. 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ ఈ టీకాను కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలునికి వేయించి బ్రతికించాడు. ఆయన పేరుతో మన నీలగిరి జిల్లా కూనూరులో 1907లో ఒక సంస్థ వెలసింది. పూర్వం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవలసి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. టీకాను చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన రోజులన్నిటిలోనూ తప్పక వేయించుకోవాలి.

ప్రశ్నలు

1. తడి పలకకు, కుక్క ముక్కుకు గల పోలిక ఏమిటి?
2. మీ వీధిలోని ఒక కుక్కను దూరం నుండి గమనించండి. అది ముక్కు నాకుకొన్నప్పుడు ఎదుట ఏముందో, చెవులు, తోక ఎలా ఉన్నాయో ఐదు వాక్యాలలో వ్రాయండి.
3. మీ తమ్ముడో, చెల్లెలో కుక్కకాటు సంగతి ఇంట్లో దాచమని మిమ్మల్ని బ్రతిమాలితే ఏం చేస్తారు?