ముల్లు ఎప్పుడు లేస్తోంది? పాత కార్ల వేడి మీద ప్రశ్నలు - జవాబులు

ఎండలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువభాగం ఒకే వాక్యం: ‘బండి హీటెక్కుతోంది, ఏం మార్చమంటారు?’ ఏం మార్చాలో చెప్పడానికి ముందు ఎప్పుడు వేడెక్కుతోందో తెలియాలి. ట్రాఫిక్‌లోనా, హైవే మీదా, ఘాట్ ఎక్కేటప్పుడా, బండి తీసిన ఐదు నిమిషాలకేనా? లోపం ఎక్కడుందో చాలావరకు అక్కడే బయటపడుతుంది. అందుకే ఈసారి ఆ వివరం రాసినవారి ఉత్తరాలనే తీసుకున్నాను.

ప్రశ్న: మాది 1998 మారుతి 800. బజార్లో, సిగ్నళ్ల దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. సూర్యాపేట రోడ్డెక్కి స్పీడు అందుకోగానే దానంతటదే దిగుతోంది. మెకానిక్ రేడియేటర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇప్పుడే మార్చకండి. స్పీడు మీద ముల్లు దిగుతోందంటే నీళ్లు తిరుగుతున్నాయి, రేడియేటర్ వేడిని బయటికి పంపుతోంది. మీ బండికి తక్కువైంది గాలి. రోడ్డు మీద ఎదురుగాలి ఆ పని చేస్తుంది. బండి ఆగితే ఫ్యాను ఒక్కటే దిక్కు.

ఏసీ ఆపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బండిని నిలబెట్టి చూడండి. ముల్లు సగం దాటాక ఫ్యాను తిరగాలి, కాసేపటికి ఆగాలి, మళ్లీ తిరగాలి. తిరగలేదంటే ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీసి అందులోని వైర్లు రెండూ కలిపించండి. అప్పుడు ఫ్యాను తిరిగితే పోయింది స్విచ్చే, చవకలో అయిపోతుంది. అప్పటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్ వైరు వరసగా చూసి, చివరికి మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వాలి. ఇది కార్బురేటర్ బళ్ల సంగతి. ఎంపీఎఫ్ఐ బళ్లలో చాలావాటికి ఫ్యాను కంప్యూటర్ చేతిలో ఉంటుంది, వాటి వైర్లు కలపొద్దు. ఏ బండైనా సరే, తాళం ఆన్‌లో ఉండగా ఫ్యాను దగ్గర చేతులు, చున్నీలు, కండువాలు ఉండకూడదు. అది ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం.

ఫ్యాను తిరుగుతున్నా రెండు అనుమానాలు మిగులుతాయి. మోటారు బుష్‌లు అరిగి నీరసంగా తిరుగుతుండొచ్చు. లేదా ఎప్పుడో మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారై ఎదురు తిరుగుతుండొచ్చు. ఫ్యాను తిరుగుతుండగా బండి ముందు గ్రిల్లుకు ఒక కాగితం పెట్టండి. అతుక్కుంటే సరిగ్గానే లాగుతోంది. తోసేస్తే వైర్లు మార్చాలి.

ఆ తర్వాత ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు చూడండి. కోతల రోజుల్లో పల్లెదారుల్లో తిరిగే బళ్లలో వరి పొట్టు, పురుగులు, దుమ్ము కలిసి అక్కడ పొరలా పేరుకుంటాయి. బయటి నుంచి చూస్తే కనిపించవు. ఇంజిన్ వైపు నుంచి ముందుకు మామూలు పైపుతో నీళ్లు కొట్టి కడిగించండి. వాషింగ్ సెంటర్ ప్రెషర్ దగ్గరగా పెడితే ఫిన్లు మడతపడి గాలి దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: మా పాత జెన్ ఊళ్లో ఎంత తిరిగినా వేడెక్కదు. హైదరాబాద్ హైవే మీద ఎనభై దాటితే ముల్లు లేస్తోంది. ఇదివరకే ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసేసి, ఇక సమస్య రాదన్నాడు. (నంద్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఖమ్మం వారికి పూర్తిగా ఎదురు కేసు మీది. స్పీడు మీద గాలికి కొదవ లేదు, నీళ్లే చాలినంత తిరగడం లేదు. మొదటి అనుమానం రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల మీదే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బళ్లలో సున్నం గారగట్టి సగం గొట్టాలు మూసుకుపోతాయి. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. కొన్నిచోట్ల సెగ కొట్టి, కొన్నిచోట్ల చల్లగా ఉంటే ఆ చల్లటి చోట నీళ్లు పారడం లేదు. అప్పుడు రేడియేటర్ షాపులో విప్పించి శుభ్రం చేయించాలి, కాకపోతే మార్చాలి.

కింది హోస్ పైపునూ చూడండి. వాటర్ పంపు నీళ్లు లాగేది దాని నుంచే. మెత్తబడిన పైపు ఇంజిన్ రేజ్ చేసినప్పుడు లోపలికి చప్పిడై నీళ్లకు అడ్డం పడుతుంది. ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని మీరు పైపును గమనించండి. పంపు రెక్కలు తుప్పుకు అరిగిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. దాన్ని మానుకోవాలని ప్రతి పాఠకుడినీ అడుగుతున్నాను. దాదాపు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని, ఇంజిన్ పనిచేయాల్సిన వేడిని నిలబెట్టేది అదే. అది లేకపోతే ఇంజిన్ చల్లగా నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో తేమ చేరి జిడ్డు కడుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. పైగా ముల్లు కిందే ఉండటంతో రేడియేటర్ మూసుకుపోతున్న సంగతి చాలాకాలం తెలియదు. మీ విషయంలో జరిగింది అదే అనుకుంటున్నాను. కొత్త థర్మోస్టాట్‌ను తాడుకు కట్టి, గిన్నెలో నీళ్లు కాచి ముంచి చూడండి. నీళ్లు మరిగేలోపే తెరుచుకోవాలి. తెరుచుకుంటే వేయించుకోండి.

ప్రశ్న: కుటుంబంతో శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. వెంటనే క్యాప్ తీసి నీళ్లు పోయొచ్చా? మళ్లీ అలా అయితే ఏం చేయాలి? (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: క్యాప్ ముట్టుకోవద్దండి. అది ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. 0.9 బార్ ఒత్తిడి పట్టే క్యాప్ కింద నీళ్లు దాదాపు 119 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అవన్నీ ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ఇలా మొహం, చేతులు కాల్చుకునేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. దయచేసి పిల్లల్ని కూడా బోనెట్ దగ్గరికి రానీయకండి.

ముల్లు లేస్తుండగానే ఏసీ ఆపండి. బండికి హీటర్ ఉంటే పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయర్ పెంచి, అద్దాలు దించండి. అదీ ఒక చిన్న రేడియేటరే, కొంత వేడిని లాగేస్తుంది. పెద్ద గేరులో ఇంజిన్ మూలుగుతుంటే గేరు తగ్గించండి, పంపు వేగంగా తిరుగుతుంది. అప్పటికీ దిగకపోతే మలుపు లేని చోటు చూసుకుని పక్కకు తీయండి. ముల్లు ఎర్ర గీత చేరాక, ఇంకో కిలోమీటరేగా అని లాగించకండి. కొన్ని వందల రూపాయల హోస్ పైపు సమస్య వేల రూపాయల హెడ్డు పనిగా మారేది ఆ కిలోమీటరులోనే.

ఇంజిన్ ఆపాక కనీసం అరగంట ఆగండి, ముప్పావుగంటైతే ఇంకా మంచిది. పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా, గోరువెచ్చగా ఉన్నప్పుడు మాత్రమే క్యాప్ మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. దారిలో ఏ నీళ్లు దొరికితే అవే పోయండి, తప్పులేదు. ఇంటికి వచ్చాక వాటిని తీయించి, సరైన కూలెంట్ నింపించండి.

ఇంకొక మాట. ముల్లు పైదాకా వెళ్లి హఠాత్తుగా కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషించకండి. నీళ్లు అయిపోయి సెన్సర్ ఖాళీలో ఉన్నప్పుడు అది తప్పు చూపిస్తుంది. అప్పుడూ వెంటనే ఆపాల్సిందే.

ప్రశ్న: మా శాంత్రో ఒకసారి బాగా వేడెక్కింది. అప్పటి నుంచి వారానికి అర లీటరు నీళ్లు తగ్గుతున్నాయి. కింద ఒక్క చుక్క కూడా కనబడదు. (గుడివాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బయట కారకపోతే లోపల పోతున్నాయి. ముందు తేలికవి చూడండి: ముందు సీట్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ కారుతోంది. క్యాప్ రబ్బరు చచ్చిపోయినా ఆవిరై పోతాయి. అదీ చవకే, ముందు దాన్ని మార్చండి.

ఈ రెండూ కాదంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన ఉదయం క్యాప్ తీసి స్టార్ట్ చేయించండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గ్యాస్ లోపలికి వస్తోంది. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంజిన్ వేడెక్కకముందే, పై హోస్ గట్టిపడటం ఇంకో గుర్తు. ఆయిల్ మూత కింద మీగడ లాంటి తెల్లటి పొర, బండి వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. చలికాలం దగ్గర దగ్గర ప్రయాణాలకు మూత కింద కొంచెం తెలుపు రావడం మామూలే, దాని ఒక్కదాన్నే చూసి హెడ్డు దించనివ్వకండి. కంప్రెషన్ టెస్ట్ అడగండి.

హెడ్డు దించక తప్పకపోతే గాస్కెట్ ఒక్కటే మార్చి బిగించనివ్వొద్దు. మీ బండి హెడ్డు అల్యూమినియంది, వేడికి వంగుతుంది. లేత్ షాపులో సూటి బద్ద, ఫీలర్ గేజ్ పెట్టి కొలిపించండి. చాలా చిన్న పెట్రోలు ఇంజిన్లకు 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ చేయించాల్సిందే. పగుళ్లు ఉన్నాయేమో ప్రెషర్ టెస్ట్ కూడా పెట్టించండి. బోల్టులు మధ్య నుంచి చివరలకు, వరస ప్రకారం, టార్క్ రెంచితో బిగించాలి. వీలైతే ఆ పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండండి.

ప్రశ్న: ఎల్పీజీ కిట్ వేయించాక బండి తరచూ వేడెక్కుతోంది. గ్యాస్ వల్లేనా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గ్యాస్ మిశ్రమం పలచగా ఉంటే కావచ్చు, ట్యూనింగ్ చేయించండి. అయితే ముందు కిట్ రెడ్యూసర్‌కు వెళ్లే నీళ్ల పైపులు చూడండి. ఇంజిన్ నీళ్ల లైను కోసి టీ జాయింట్లు వేసేది అక్కడే. క్లాంపు వదులైతే కారుతుంది, బిగించాక గాలి తీయకపోతే ఎయిర్ లాక్ అవుతుంది. బండి నడుస్తుండగా రెడ్యూసర్ మీద మంచు పట్టిందంటే దానికి వేడి నీళ్లు అందడం లేదు, అంటే రేడియేటర్‌లో నీళ్లు తగ్గి ఉండొచ్చు. ముల్లు లేవకముందే దొరికే గుర్తు అది.

కూలెంట్ ఏది పోయాలని చాలామంది అడిగారు. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి. పాతది తీసినప్పుడు కాలవలోకో నేల మీదికో వదలకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు తాగితే చనిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందకుండా పెట్టి, గ్యారేజీలో అప్పగించండి.