సిమెంటు పూలకుండీ చేయు విధము

గడచిన వేసవిలో మా పాఠశాల వరండాయందలి మట్టికుండీలు అనేకము పగిలిపోయెను. చిన్నతరగతుల పిల్లలు విత్తు నాటి పెంచిన మొక్కలు ఎండిపోవుచుండెను. క్రొత్తకుండీలు కొనుటకు సొమ్ము చాలలేదు. కావున ఇనుప సామానుల దుకాణములో దొరకు వస్తువులతో మేమే వానిని చేయ పూనుకొంటిమి.

ఈ పనిని అల్పముగా తలంపరాదు. జోసెఫ్ మోనియే యను ఫ్రెంచి తోటమాలి ఇనుపతీగలకు సిమెంటు మెత్తి తోటతొట్లను చేసి, 1867వ సంవత్సరమున పేటెంటు పొందెను. నేడు వంతెనలకును మేడలకును వాడు ఇనుపకాంక్రీటునకు ఆ తొట్లు తొలిమెట్లలో నొకటి.

ఒకదానిలో నొకటి ఇముడు రెండు ప్లాస్టిక్ బక్కెట్లు కావలయును. వాని నడుమ చుట్టును అంగుళమునకు తక్కువకాని ఎడముండవలెను. రంగులు వేయువారు పారవైచు డబ్బాలైనను చాలును. ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, పిడికిట పట్టిన ముద్ద నిలుచునంత నీరే పోయవలెను. నీరెక్కువైన కుండీ బలహీనమగును. తడిసిమెంటు చర్మమును కాల్చును గనుక రబ్బరు చేతితొడుగులు లేక ఎవ్వరును దానిని ముట్టరాదు.

పెద్దబక్కెట్టు లోపలను, చిన్నదాని వెలుపలను నూనె పూయవలెను. పెద్దదాని అడుగున నూనె రాచిన బొటనవ్రేలి లావు గొట్టపుముక్కను నిలిపి, దాని చుట్టును అంగుళమున్నర మందమున సిమెంటు పఱవవలెను. అదియే నీరు పోవు రంధ్రమగును. దానిపై చిన్నబక్కెట్టును ఇటుకల బరువుతో నిలిపి, ఎడములో కోళ్లగూళ్లకు కట్టు తీగవలను దించి, సిమెంటు కూరి, గాలి పోవునట్లు కఱ్ఱతో పొడువవలెను. ఒకదినము గడచిన పిదప లోపలిబక్కెట్టును, మఱునాడు వెలుపలిదానిని మెల్లగా తీయవలెను.

ఇచ్చట మేమొక తప్పు చేసితిమి. ఆఱిన గట్టిపడునని తలచి మొదటికుండీని ఎండలో నుంచగా అది బీటలు వాఱెను. సిమెంటు ఆఱుటచేత గట్టిపడదు. నీటితో రసాయనికముగా కలియుటచేత గట్టిపడును. అందుచే రెండవదానిపై తడిగోనెలు కప్పి, నీడను ఏడుదినములు తడుపుచుంటిమి. అది నిలిచినది. కాని అందు నాటిన మందారపుటాకులు పసుపువాఱెను. క్రొత్తసిమెంటులోని క్షారము మట్టిలో దిగినచో వేళ్లు ఇనుమును చక్కగా గ్రహింపజాలవు. అప్పటినుండి, నాటుటకు ముందు కుండీని మఱియొకవారము నీట నానబెట్టి, ప్రతిదినము ఆ నీటిని మార్చుచున్నాము.

అడుగున గులకఱాళ్లు పోసిన నీరు బాగుగా దిగునని పలువురందురు. మేమును అట్లే నమ్మితిమి. నిజమునకు సన్ననిమట్టిలోని నీరు పెద్దసందులుగల ఱాళ్లలోనికి సులభముగా దిగదు. తడిపొర పైకి జరిగి వేళ్లకు దగ్గఱయగును. దీనిని తడిస్పాంజితో చూడవచ్చును. బల్లపఱుపుగా పట్టి, బొట్లు ఆగిన పిదప నిలువుగా త్రిప్పిన మఱికొంత నీరు కాఱును. మట్టి యెంత లోతైన అంత మేలన్నమాట. కావున రంధ్రముపై ఒక పెంకుముక్క మాత్రముంచి, పైవఱకు ఎఱువు కలిపిన మట్టియే నింపవలెను.

ఈ కుండీలు మిక్కిలి బరువైనవి. మట్టి నింపకమునుపే రెండిటుకలపై తగినచోట నిలుపుడు. మేము నింపినదానిని కదల్ప నలుగురము కావలసివచ్చెను.